పాముచెవులక్క దీపాల పెట్టె

టెలిఫోను కేబుళ్ళ ముఠాలో ఆవిడను సొంత పేరుతో పిలిచినవాళ్ళు లేరు. హాజరు పిలిచేటప్పుడు ఆ పేరు వినబడితే, ఎవరబ్బా ఈవిడ అని తనే ఒక క్షణం పక్కకు చూసేది. అందరికీ ఆవిడ పాముచెవులక్క.

పనిలో చేరిన కొత్తలో వచ్చిన పేరది. అప్పుడు ఒక వీధిలో ఫోన్లన్నీ గరగరలాడుతున్నాయి. ముఠా మొత్తం గోతులు తవ్వి, అతుకులు విప్పి, మళ్ళీ కట్టి, విసిగి రోడ్డు పక్కన చతికిలబడింది. ఈ కొత్త పిల్ల టెస్ట్ ఫోను తీగలకు తగిలించి, చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని కూర్చుంది. చాలాసేపటికి కళ్ళు తెరిచి, ఇది నీళ్ళ గోల కాదనీ, బండి వెళ్ళినప్పుడల్లా టిక్కుమని ఒక్క చప్పుడొస్తోందనీ, ఎవరో గోడకు మేకు కొట్టి ఉంటారనీ చెప్పింది. నవ్వుతూనే వెతికారు. వడ్రంగి కొట్టులో, సరిగ్గా కేబులు ఎక్కే గోడకు, నిగనిగలాడే కొత్త మేకు. దానికి వడ్రంగిగారి చొక్కా వేలాడుతోంది. మేస్త్రి ఆ చొక్కా తీసి ఆయన చేతిలో పెట్టి, ముఠావైపు తిరిగి, "ఇవి మనిషి చెవులు కావురా, పాము చెవులు" అన్నాడు. అంతే. పెళ్ళయింది, కూతురు పుట్టింది, జుట్టు నెరిసింది, ఆ మేస్త్రి కూడా పని మానుకుని వెళ్ళిపోయాడు. పేరు మాత్రం అతుక్కుని ఉండిపోయింది.

ఆ ముఠా శాస్త్రమంతా చెవిలోనే ఉండేది. మోచెయ్యంత లావు కేబులు విప్పితే లోపల రంగురంగుల సన్నతీగలు, జతలు జతలుగా మెలివేసి ఉంటాయి. ఒక్కో జత ఒక్కో ఫోను. ఏది ఎవరిదో తెలియాలంటే టెస్ట్ ఫోను తగిలించి వినాలి. తోకకు రెండు మొసలి నోళ్ళలాంటి క్లిప్పులున్న బరువైన ఫోను అది. గుమ్మని నిండుగా మోగితే బతికున్న జత. ఎవరైనా మాట్లాడుకుంటుంటే మర్యాదగా వెంటనే తీసెయ్యాలి. ఆ మర్యాద అందరిలోనూ ఒక్కలా ఉండేది కాదనుకోండి. ఇసక రాలుతున్నట్టు సన్నగా సరసరమంటే లోపల తడి చేరి చెడిపోయిన జత. ఏమీ వినబడకపోతే ఖాళీ, నిక్షేపంగా కోసెయ్యవచ్చు. కొత్తగా వచ్చినవాడికి ఈ నాలుగు ముక్కలూ ఒక పూటలో చెప్పేసేవాళ్ళు. వాటిని నమ్మడానికి మాత్రం జీవితమంతా పట్టేది. ఎప్పుడు సందేహమొచ్చినా చివరికి ఫోను అక్క చేతికే వెళ్ళేది. అక్క చెవిన పెట్టుకుని ఒక మాట అంటే అదే తీర్పు.

అలాంటి చెవులు మెల్లగా జారుకోవడం మొదలుపెట్టాయి.

రోడ్డు పగలగొట్టే యంత్రాల పక్కన, గోతిలో నీళ్ళు తోడే పంపుల పక్కన గడిపిన ఏళ్ళ ఫలితమది. ముందు సన్నని చప్పుళ్ళు పోయాయి. పిట్టలు కూయడం మానేశాయనుకుంది. తలుపు గంట పాడైందనుకుని భర్తతో రెండుసార్లు విప్పించింది. ఆయన బస్సులు నడిపే మనిషి, గంట విప్పి, మళ్ళీ బిగించి, "బాగానే ఉందే" అని బుర్ర గోక్కున్నాడు. లావు గొంతులు వినబడేవి, ఫోనులో గుమ్మనే మోత వినబడేది. ఇసక రాలే చప్పుడు మాత్రం ఒకరోజు ఉండి, మరునాడు లేదు.

ముఠాలో ఏడాదికోసారి వైద్య పరీక్ష ఉంటుంది. చెవి సరిగా లేనివాళ్ళను రోడ్డు మీదికి పంపరు. వెనక నుంచి వచ్చే బండి వినబడదని. వాళ్ళను సామాన్ల గదికి వేస్తారు. ఆ గదికి కిటికీ లేదు. బోల్టులు, చేతి తొడుగులు, టార్పాలిన్లు, వాటి మధ్య ఒక కుర్చీ. అక్కడికి వెళ్ళినవాళ్ళు మంచి మనుషులే, కాని కొన్నాళ్ళకు బోల్టుల రంగులోకి వచ్చేసేవాళ్ళు. కిందటి పరీక్షలో అక్క ఎదురుగా ఉన్న అద్దాల బీరువాలో పరీక్ష చేసే అమ్మాయి వేలు కనిపించింది. వేలు మీట మీద పడ్డప్పుడల్లా అక్క చప్పుడు వినబడినట్టు చెయ్యెత్తింది. ఆ అమ్మాయి మెచ్చుకుని పంపింది. ఈసారి అద్దాల బీరువా ఉంటుందో ఉండదో. గోతిలోకి దిగి తీగలు ముట్టుకోని రోజును అక్క ఊహించుకోలేకపోయింది. ఆవిడకు తెలిసిన లోకమంతా రోడ్డు కింద ఉంది మరి.

ముందుగా పట్టుకున్నది అత్తగారు. ఆవిడ ఎప్పట్నుంచో చెవిటి మనిషి. చెవిలో చిన్న యంత్రం పెట్టుకుంటుంది. ఒకరోజు భోజనాల దగ్గర మనవరాలు ఏదో జోకు చెప్పింది. అందరూ నవ్వారు. కోడలూ నవ్వింది. రాత్రి గిన్నెలు సర్దుతుంటే అత్తగారు వచ్చి పక్కన నిలబడింది.

"ఎన్నాళ్ళయింది?"

"దేనికి అత్తయ్యా?"

"అందరూ నవ్వాక ఒక్క రవ్వ ఆగి నవ్వావు. అది నా నవ్వు. ముప్పై ఏళ్ళుగా నవ్వుతున్నా, నాకు తెలియదూ?" అని, కోడలు చేతిలో గిన్నె తీసుకుని తుడుస్తూ, "ఆస్తి ఏమీ ఇవ్వలేకపోయాననుకున్నాను. కడుపున పుట్టకపోయినా చెవుడైతే ఇచ్చాను" అంది.

అక్కకు ఏడుపు రావలసింది, నవ్వొచ్చింది. ఈసారి ఆలస్యం లేకుండా నవ్వింది. ఎవరికీ చెప్పవద్దని బతిమాలింది. చెప్పనంది అత్తగారు. చెప్పినా నాకు వాళ్ళ జవాబు వినబడదు కదా, ఇంక చెప్పి ఏం సుఖం అంది.

దీపాల పెట్టె ముఠాలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. కొత్తగా వచ్చిన ఇంజనీరు తెచ్చాడు. నెమ్మదస్తుడు, ఎవర్నీ కసరడు. అరచేతిలో ఇమిడే పసుపుపచ్చ పెట్టె, రెండు క్లిప్పులు, ముఖం మీద ఒక వరస చిన్న దీపాలు. ఇప్పుడు ఈ తీగల మీద మాటలొక్కటే కాదు, అంకెలుగా మారిన సమాచారం కూడా పరుగెడుతోందని ఆయన చెప్పాడు. బ్యాంకులవి, ఆసుపత్రులవి, కూడలిలో సిగ్నలు దీపాలవి. దాని వేగం మనిషి చెవికి అందేది కాదు. ఆ జతకు టెస్ట్ ఫోను తగిలిస్తే ఏమీ వినబడదు, లేకపోతే ఊరికే సరసరమంటుంది. పైగా టెస్ట్ ఫోను తగిలించడమంటే పరుగెత్తేవాడి భుజాల మీద ఎక్కి కూర్చోవడమే, వాడు కూలబడతాడు. ఈ పెట్టె అలా కాదు. గుమ్మం బయట నిలబడి తొంగి చూస్తుంది, లోపలున్నది ఏ రకమో దీపం వెలిగించి చెబుతుంది, లోపలివాళ్ళకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

ముఠా శ్రద్ధగా విని, టీ తాగి, పెట్టెలన్నీ బీరువాలో పడేసింది. నిచ్చెన అయితే తన పెట్టెలోని బ్యాటరీ పీకి రేడియోలో వేసుకున్నాడు. నిచ్చెన అక్క జోడీ. పొడుగు మనిషి, స్తంభం ఎక్కడానికి అతనికి సగం నిచ్చెన చాలని ఆ పేరు. చెవి మంచిది. అక్క దగ్గరే నేర్చుకున్నాడు. "పాము చెవులు పక్కనుండగా మనకు పండగ దీపాలెందుకక్కా" అన్నాడు. అక్క అవునంటూ తలూపింది. అందరూ వెళ్ళాక ఒక పెట్టె తీసి సంచిలో వేసుకుంది.

మధ్యాహ్నం అందరూ అన్నాలు తినే వేళ ఆవిడ టెలిఫోను ఎక్స్ఛేంజిలోకి వెళ్ళేది. అక్కడ గోడ పొడవునా జతలన్నీ వచ్చి చేరే ఇనప చట్రాలున్నాయి. ఏ జత మీద ఏముందో అక్కడ టెస్టు బల్ల ముందు కూర్చునే ఆవిడకు తెలుసు. వాళ్ళిద్దరికీ ఏళ్ళ స్నేహం. ఆమె చెబుతుంటే అక్క పెట్టె తగిలించి చూసేది. ఇది మామూలు ఫోను, ఈ దీపం. ఇది బ్యాంకుది, ఆ దీపం. ఇది ఇంటర్నెట్టు, ఆ చివరిది. పిల్లలు అక్షరాలు దిద్దినట్టు దిద్దింది. పక్క జత లోంచి కారిన సంకేతానికి దీపం తడబడుతూ మిణుకుమంటుందనీ, క్లిప్పు గట్టిగా నొక్కితే ఆరిపోతుందనీ, సొంత సంకేతమైతే నొక్కినా వదిలినా నిలకడగా వెలుగుతుందనీ తనంతట తానే కనిపెట్టింది. ఒకరోజు ఏ జతకు తగిలించినా దీపం వెలగలేదు. చట్రం ఈ కొస నుంచి ఆ కొస దాకా అన్నీ ఖాళీ అని ప్రకటించింది. టెస్టు బల్ల ఆవిడ కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. "ఊరు ఊరంతా ఫోన్లు మానుకుందా ఏం వదినా? బ్యాటరీ చూసుకో."

ఆ ముచ్చట అత్తగారికి చెబితే, తన చెవిలో యంత్రం తీసి చూపించి, పదేళ్ళుగా దీనితో తను నేర్చుకున్నది అదొక్కటే పాఠమంది. లోకం మూగబోయిందని ఏడిచే ముందు బ్యాటరీ చూసుకోవాలట. తరవాత, "పాముకు కళ్ళే చెవులంటారు, నీ పేరుకు ఇప్పుడు తగ్గ పనిముట్టు దొరికింది పో" అంది.

అలా కొన్ని నెలలు. నిచ్చెన చెవితో విని చెప్పేవాడు, అక్క వెనక నుంచి పెట్టె తగిలించి చూసుకుని కట్టేది. పెట్టె సంచి చాటునే ఉండేది. పైకి మాత్రం, టెస్ట్ ఫోను చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని, వెనకటిలాగే తలూపేది. ఆ తలూపుడు చూసి ముఠా అంతా తృప్తిపడేది. అక్కకు మాత్రం దొంగసొమ్ము మింగినట్టుండేది.

తరవాత వానలొచ్చాయి. అగ్నిమాపక కేంద్రం ఎదుట రోడ్డు కుంగింది. కింద పాత కేబులు నీళ్ళలో నానిపోయింది. పక్కనే కొత్త కేబులు వేసి, పాతదానిలో బతికున్న జతలన్నీ ఒక్కొక్కటిగా దానికి మార్చి, మిగతాది యంత్రంతో కోసి పారెయ్యాలి. ఇంజనీరు కూడా వచ్చాడు. పైన మళ్ళీ మబ్బులు కమ్ముతున్నాయి. వాన దిగేలోపు పని ముగించకపోతే గొయ్యి నిండి, కొత్త కేబులు కూడా తడిసి మొదటికి మోసం వస్తుంది.

ఆ వీధి అక్కకు కొత్త కాదు. సాయంకాలం టీ వేళకు ఆ కేంద్రంలో గంట ఒకసారి మోగుతుంది. ఊరి అవతల కంట్రోల్ రూము నుంచి తీగ మీద వచ్చే పరీక్ష గంట. అది మోగగానే కప్పు మీది పావురాలన్నీ ఒక్క పెట్టున లేచి, ఒక చుట్టు తిరిగి, ఏమీ లేదని తెలుసుకుని మళ్ళీ వాలతాయి. రోజూ మోగుతుంది, రోజూ లేస్తాయి. వెనకటికి అక్క ఆ గంట వినేది. ఇప్పుడు పావురాలను చూసేది.

నిచ్చెన ఒక్కో జతకు ఫోను తగిలించి చెబుతున్నాడు. మంచిది. మంచిది. తడి. ఖాళీ. తడి. మంచివాటిని మరో ఇద్దరు కొత్త కేబులుకు అతుకుతున్నారు. తడివి, ఖాళీవి ఒక పక్కకు దువ్వి పెడుతున్నారు, కోతకి. కోత యంత్రం గొయ్యి గట్టు మీద సిద్ధంగా ఉంది. తడివి చాలానే పోగయ్యాయి. నీళ్ళలో నానిన కేబులు కదా, తడి కాక మరేముంటుంది అనుకున్నారు. అక్క మోకాళ్ళ మీద కూర్చుని, సంచి చాటున, ఆ పోగులోంచి ఒక్కొక్కటే పెట్టెకు తగిలిస్తోంది. చాలావాటికి దీపం లేదు. కొన్నిటికి తడబడి ఆరింది. ఒక జతకు వెలిగింది. నొక్కింది. వెలుగుతూనే ఉంది. వదిలింది. వెలుగుతూనే ఉంది.

"ఇది కొయ్యకండి" అంది అక్క.

నిచ్చెన మళ్ళీ ఫోను తగిలించి విన్నాడు. ఇసక రాలినట్టుందనీ, నూటికి నూరు పాళ్ళు తడేననీ అన్నాడు. అక్క చేతిలో పెట్టె చూసి ఆశ్చర్యపోయాడు. ఈ నీళ్ళలో ఒక జతది ఇంకో జతలోకి కారుతుందనీ, దీపం ఎవరిదో వెలుతురు చూసి వెలుగుతోందనీ వాదించాడు. కారిన వెలుగు నిలవదని అక్క అంది. పైన ఉరిమింది. ముఠా మొత్తం ఇంజనీరు వంక చూసింది.

ఆయన గోతిలోకి వంగాడు. పోగులో ఉన్న ప్రతి జతా మళ్ళీ చూడాలంటే గంటలు పడుతుంది, మబ్బు అంత వ్యవధి ఇచ్చేలా లేదు. నిచ్చెన చేతిలోంచి టెస్ట్ ఫోను తీసుకుని అక్కకు అందించాడు. "మీ చెవి గురించి అందరూ చెబుతారు. మీరొకసారి వినండి. మీరు తడి కాదంటే ఆపేద్దాం."

అక్క ఫోను అందుకుంది. ఒక్క మాట చాలు. కళ్ళు మూసుకుని, తలూపి, ఇది తడి చప్పుడు కాదంటే వేదవాక్కు. నిచ్చెన కూడా మారు మాట్లాడడు. కోత ఆగుతుంది, జత దక్కుతుంది, పేరు దక్కుతుంది, పరీక్ష సంగతి తరవాత చూసుకోవచ్చు. ఫోను చెవి దాకా వెళ్ళింది కూడా. అక్కడ ఆగింది. ఈ జత సరే, దీని తరవాతది? ఇవాళ చెవి మాటగా చెబితే రేపు కూడా చెవినే అడుగుతారు. పెట్టె మళ్ళీ బీరువాలోకి పోతుంది. తను లేని గోతిలో, మంచి చెవులున్నవాళ్ళు, నిండు నమ్మకంతో కోస్తారు. ఇన్నాళ్ళూ తను ఊపిన తలే వాళ్ళకు ఆ నమ్మకం ఇచ్చింది.

ఫోను కిందికి దించింది.

"నాకు వినబడదు సార్. ఈ చప్పుడు విని ఏడాది దాటిపోయింది. మీరు పంచదార పలుకులు రాల్చినా, రాళ్ళు రాల్చినా నాకు ఒకటే. అందుకే నేను మోసపోలేదు. వీడికి వినబడింది కాబట్టి తడి అన్నాడు. నాకు వినబడలేదు కాబట్టి దీపం చూశాను."

గోతిలో పంపు మోగుతూనే ఉంది. అది కూడా అక్కకు కొంచెమే. నిచ్చెన ముఖం చూస్తే చెంపదెబ్బ తిన్నట్టుంది. అయినా అడిగాడు. "అంటే అక్కా, ఇన్నాళ్ళూ నేను వెనక నుంచి తిట్టినవి..."

"కావలసినవి వినబడ్డాయిలే."

ఎవరో కిసుక్కుమన్నారు. నిచ్చెన నవ్వలేదు. చెయ్యి చాపి అక్క దగ్గర పెట్టె తీసుకున్నాడు. తనే తగిలించాడు. నొక్కాడు, వదిలాడు, మళ్ళీ నొక్కాడు. దీపం అతనికేసి నిబ్బరంగా చూసింది. "ఇది కొయ్యొద్దు సార్" అన్నాడు మెల్లగా.

ఇంజనీరు అప్పటికే రోడ్డు దాటుతున్నాడు. ఆ చుట్టుపక్కల అంత ముఖ్యమైన తీగ ఎవరికి ఉంటుందో ఆయనకు తోచింది. అగ్నిమాపక కేంద్రం కాపలా గదిలోకి వెళ్ళి, కాసేపటికి బయటికొచ్చిన మనిషి ముఖం మారిపోయి ఉంది. కంట్రోల్ రూము నుంచి వచ్చే తీగకు అక్కడ ఒక పెట్టె ఉంది. ఇందాక దాని మీద ఎర్రదీపం రెండుసార్లు వెలిగి ఆరిందట, ఎందుకో తెలియక కాపలా ఆయన తల బాదుకుంటున్నాడట. నిచ్చెన తన చేతిలో టెస్ట్ ఫోను వంక చూసుకున్నాడు. పరుగెత్తేవాడి భుజాల మీద రెండుసార్లు ఎక్కింది తనే మరి.

జత మార్చాలంటే ఎలాగూ ఒక క్షణం విడదియ్యాలి. ఆ క్షణం వైర్లెస్ మీద కాపలా కాస్తామని కేంద్రంవాళ్ళు కంట్రోల్ రూముకు చెప్పారు. ఇంజనీరు కిటికీ దగ్గర నిలబడ్డాడు. గుర్తు ఎలా ఇవ్వాలన్న ప్రశ్న వచ్చింది. ఎప్పుడూ అయితే కేకలు వేసుకునేవాళ్ళు. ఈసారి కేకలు వద్దని నిచ్చెనే అన్నాడు. లోపల ఎర్రదీపం వెలిగితే సార్ చెయ్యెత్తాలి, ఆరితే దించాలి.

అక్క తీగ పట్టుకుంది. ఆ వేళ్ళకు చెవులతో పని లేదు, ఎప్పుడూ లేదు. విడదీసింది.

కిటికీలో చెయ్యి లేచింది.

కొత్త కేబులు తీగతో ఒక కొస కలిపి, కనెక్టరులో పెట్టి, సాధనంతో నొక్కింది. రెండో కొస కలిపింది. తలెత్తి చూసింది. చెయ్యి ఇంకా పైనే ఉంది. ఉంది. దిగింది. దిగడమేమిటి, రెండు చేతులూ లేచి చప్పట్లు కొట్టాయి. పక్కన కాపలా ఆయన కూడా కొట్టాడు. ఆ చప్పట్లు అక్కకు వినబడలేదు గాని, అంత మోతగా మరేదీ తగిలినట్టు ఆవిడకు గుర్తులేదు.

అప్పుడిక పని పరుగెత్తింది. బీరువాలోని దీపాల పెట్టెలన్నీ బండి మీద తెప్పించారు. నిచ్చెన తన రేడియో విప్పి బ్యాటరీ వెనక్కి ఇచ్చాడు. మనిషికో పెట్టె పట్టుకుని, తడివీ ఖాళీవీ ఉన్న పోగంతా మళ్ళీ దువ్వారు. మధ్యలో ఒకడు ఆనందంతో, ఇదీ బతికే ఉంది, ఇదీ బతికే ఉంది అని కేకలు పెట్టాడు. అక్క వెళ్ళి క్లిప్పు నొక్కింది, దీపం ఆరింది. ఇది పక్కింటి వెలుతురని చెప్పింది. నిజంగా బతికినవి కొన్ని తేలాయి. ఒకటి రక్తనిధిది, ఒకటి కూడలిలో సిగ్నలుది, ఇంకొకటి ఎవరిదో అప్పటికి తెలియలేదు, అయినా దాన్ని కూడా గౌరవంగా మార్చారు. ప్రతిదానికీ అక్క గుర్తుగా ఎర్రటి ప్లాస్టిక్ టోపీ తొడిగింది, ఇక మీదట ఎవరూ టెస్ట్ ఫోను తగిలించకుండా. చినుకులు మొదలయ్యే వేళకు గొయ్యి మీద టార్పాలిన్ కట్టారు. నిచ్చెన దాని మధ్య స్తంభంలా నిలబడి, నా ఎత్తుకు ఇన్నాళ్ళకు అర్థం దొరికిందన్నాడు. వాన బలం పుంజుకోకముందే అతుకు మూసి, చుట్టి, బిగించారు. అప్పుడే కోత యంత్రం ఆడింది. ఖాళీ కేబులు ముక్కై పడింది. ఊరిలో ఎక్కడా ఏదీ ఆగలేదు.

చేతులు తుడుచుకుంటూ అక్క గట్టెక్కింది. గట్టెక్కాక ఇందాక తన నోటినుంచి వచ్చిన మాట గుర్తొచ్చింది. ఇంజనీరు ఎదుటికి వెళ్ళి నిలబడింది. "రేపటి నుంచి సామాన్ల గదికేనా సార్?"

ఆయన వాన మోతలో అరవబోయి, ఆగి, ఒక అడుగు ముందుకొచ్చి, ముఖాముఖీ నిలబడి నెమ్మదిగా చెప్పాడు. "పరీక్షకు వెళ్ళండి. చెవికి యంత్రం రాయించుకోండి. రోడ్డు మీద బండ్లు చూడడానికి పక్కన ఒక మనిషి ఉంటాడు. గోతిలో మాత్రం మీరే ఉండాలి. దీపం చూడకుండా ఇక ఈ ఊళ్ళో ఎవరూ ఒక్క జత కొయ్యరు. అది ఎలా చూడాలో ముఠాలన్నిటికీ మీరే చెప్పాలి."

"బండ్లు చూసే మనిషి నేనే" అన్నాడు నిచ్చెన వెనక నుంచి. అక్క తిరగలేదు. నిచ్చెనకు గుర్తొచ్చి, చుట్టూ తిరిగి ముందుకొచ్చి, తన ఛాతీ మీద తట్టి చూపించాడు. "నేను. బండ్లు. అర్థమైందా అక్కా?"

"నీ గొంతు ఎప్పుడూ వినబడుతుందిరా, అదే నా ఖర్మ. ఊరికే తిప్పించాను."

అందరూ టార్పాలిన్ కింద టీ తాగుతున్నారు. కప్పు మీది పావురాలు వానకు ముడుచుకుని కూర్చున్నాయి. ఉన్నట్టుండి అన్నీ ఒక్క పెట్టున లేచాయి. తడిసిన రెక్కలతో వానలోనే ఒక చుట్టు తిరిగి, ఎప్పటిలాగే ఏమీ లేదని తెలుసుకుని, వాలాయి. గంట మోగిందని అక్కకు చెబుదామని నిచ్చెన తిరిగాడు. అప్పటికే అక్క గ్లాసు పైకెత్తి వాటినే చూస్తోంది.

ఇంటికి వెళ్ళేసరికి తడిసి ముద్దయింది. జరిగినదంతా అత్తగారికి చెప్పింది. ఆవిడ యంత్రం గొంతు పెంచుకుని, అయినా సగం తప్పుగా విని, మనవరాలు మళ్ళీ సరిదిద్ది చెబితే, మొత్తం మీద కోడలు గెలిచిందని గ్రహించింది. మిగతా వివరాలు అనవసరమంది. చెవి డాక్టరు దగ్గరికి తనే తీసుకువెళతానంది. ఆయన గొణుగుతాడు, మొదటిసారి వెళ్ళినవాళ్ళకు ఒక్క ముక్క అర్థం కాదు, తనకైతే అలవాటట. తరవాత ఆ పెట్టె ఏమిటో చూపించమంది. అటూ ఇటూ తిప్పి చూసి, రెండు క్లిప్పులూ తన రెండు చూపుడు వేళ్ళకు తగిలించుకుంది. ఒక్క దీపమూ వెలగలేదు. మనవరాలు పకపకా నవ్వింది. "నానమ్మ ఖాళీ జత!" అంది.

అత్తగారు వేళ్ళు వెనక్కి తీసుకోలేదు. కోడలి ముఖంలోకి చూసి, గంభీరంగా చెప్పింది.

"వెలగలేదు కదా అని కొయ్యకు. ముందు బ్యాటరీ చూడు."